పది కన్నా పెద్దదైన తొమ్మిది

ప్రతి పనీ రెండుసార్లు సరిచూసుకుంటాడని ఆఫీసులో అతనికి నిదానం అని పేరు పెట్టారు. ఇళ్లలో రోగులకు ఆక్సిజన్ అందించే యంత్రాలకు ప్రోగ్రాములు రాయడం అతని ఉద్యోగం. ఊపిరితిత్తులు పాడైన పిన్ని మంచం పక్కన ఉన్నదీ వాళ్ల కంపెనీ యంత్రమే. అతనే దగ్గరుండి పెట్టించాడు.

ఆ యంత్రాల్లో ఒక లోపం బయటపడింది. గాలి అందకపోయినా ఒక్కోసారి అలారం మోగడం లేదు. నిదానం జట్టు దాన్ని సరిచేసి, 2.9లో చుక్క తర్వాతి తొమ్మిది దాటితే పది కాబట్టి 2.10 అనే వెర్షన్‌గా విడుదల చేసింది.

"నువ్వేం చెయ్యక్కర్లేదు బాబాయ్. కొత్తది వచ్చిందంటే అదే చూసుకుని అదే వేసేసుకుంటుంది," అని ఫోన్లో చెప్పాడు.

"నువ్వుండగా మాకేం భయంరా," అన్నాడు బాబాయి.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, బాబాయి పక్కగదిలో పేపరు చదువుకుంటుండగా పిన్ని పోయింది. ఆక్సిజన్ గొట్టం మంచం కోడు కింద పడి నలిగిపోయింది.

"అలారం మోగే ఉంటుందిరా. ఈ చెవిటి వెధవకి వినపడి చావలేదు," అని బాబాయి నెత్తి బాదుకున్నాడు.

వచ్చినవాళ్లంతా వెళ్లాక నిదానం ఆ గదిలోకి వెళ్లి యంత్రం ఆన్ చేశాడు. తెర మీద 2.9 అని ఉంది. దాని కింద, 'మీ వద్ద ఉన్నది తాజా వెర్షన్.'

మర్నాడు ఆఫీసుకు వెళ్లి వెర్షన్లను పోల్చే కోడ్ తెరిచాడు. ఆరేళ్ల కిందట తను రాసిందే. అది అంకెలను సంఖ్యలుగా కాక, అక్షరాలుగా పోలుస్తోంది. చుక్క తర్వాత ఒక వైపు తొమ్మిది, మరో వైపు ఒకటి. తొమ్మిదే పెద్దదని తేల్చి, ఒకటి పక్కనున్న సున్నాను చూడకుండానే ఆగిపోతోంది. ఏ ఇంట్లోనూ ఏ యంత్రమూ కొత్త వెర్షన్ తీసుకోలేదు.

మేనేజరు విని, లేచి గది తలుపు మూసింది.

"దీన్నే 3.0 అని పంపించెయ్యండి. రెండు కన్నా మూడు పెద్దదని దానికి తెలుసుగా. వివరాల్లో చిన్న మార్పులు అని రాయండి."

"చిన్నవా మేడమ్?"

"పెద్దవని రాస్తే మీ పిన్నిగారు తిరిగొస్తారా?"

సాయంత్రానికల్లా యంత్రాలన్నీ 3.0 వేసుకున్నాయి. నిదానం తిన్నగా బాబాయి దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాడు. యంత్రం తొమ్మిది కన్నా పది చిన్నదనుకుందని కాగితం మీద రాసి చూపించాడు.

బాబాయి ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా చేసిన మనిషి. కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు.

"తొమ్మిది కన్నా పది చిన్నదని నాకే చెప్తావురా? నన్ను ఓదార్చాలని ఎంత కథ అల్లావు!"

"కథ కాదు బాబాయ్. తప్పు నాదే."

"చాలు. నా పాపం నీ నెత్తిన వేసుకోకు. ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకు."

జరిగిందంతా బయటపెట్టమని నిదానం కంపెనీకి ఉత్తరం రాశాడు. సమస్య పరిష్కారమైందని నెల తర్వాత ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది.

అతను వారం వారం బాబాయిని చూడటానికి వెళ్తున్నాడు. బాబాయి రెండు చెవులకూ మిషన్లు పెట్టించుకున్నాడు. ఇప్పుడు పక్కింట్లో కుళాయి కారడం కూడా వినిపిస్తోందట.

"ముందే పెట్టించుకుని ఉండాల్సిందిరా," అన్నాడు బాబాయి.

నిదానం తల దించుకుని టీ తాగాడు.