మా మరదలు ఎలా పోయిందంటే

“ఎవరైనా అడిగితే మా అక్కవని చెప్పు,” అన్నారు మా ఆయన, కోటు తొడుక్కుంటూ.

ఆ కోటు ఇస్త్రీ చేసింది నేను. కాలరు లోపల చెమట మరక కనబడకుండా కొత్త గుడ్డ వేసి కుట్టింది నేను. మధ్యాహ్నం పాత పళ్ళ బ్రష్షుతో ఆయన జుట్టుకూ మీసానికీ రంగు వేసింది కూడా నేనే. రంగు ఒక్కరికే సరిపోయింది, నా తల తెల్లగానే ఉండిపోయింది. పక్కపక్కన నిలబడితే అక్కలాగే ఉంటాను కదా, ఆయన మాటలో తప్పేముంది అనుకున్నాను. ఇలా అనుకోవడం నాకు బాగా అలవాటు. ఆయన ఒక మాటతో పొడుస్తారు, ఆ పోటుకి తగిన కారణం నేను వెతికిపెడతాను.

ఆయన పాటల ప్రోగ్రాములకు నన్నెప్పుడూ తీసుకెళ్ళలేదు. “నీకు జనంలో కంగారు,” అనేవారు. అదీ నిజమే. ఎవరు గడప దాటినా మళ్ళీ వస్తారో రారో అని నా గుండె కొట్టుకుపోతుంది. పాలు పోసే మనిషి సైకిలు సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతానని ఇంట్లో అందరికీ నవ్వులాట. ఇవాళ ఆయన బట్టలు చూసే మనిషికి జ్వరం వచ్చింది కాబట్టి, ఇస్త్రీకీ, గొంతు తడుపుకునే వేడినీళ్ళ ఫ్లాస్కు మొయ్యడానికీ నేను అవసరమయ్యాను.

హాల్లో వెనకవైపు ఒక బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టి, పాడేవాళ్ళకిచ్చే భోజనం టోకెను ముందు పడేశారు. “పాడేముందు నేనెలాగూ తినను. నువ్వు ఏదో ఒకటి తిను. స్టేజి దగ్గరికి మాత్రం రాకు.”

ఆ టోకెనుకి బర్గరు వచ్చింది. అంత ఎత్తున్నదాన్ని ఎక్కణ్ణుంచి కొరకాలో తెలియక, సాసు సీసా మీది అక్షరాలు చదువుతూ కూర్చున్నాను. బడి మొహం చూడనిదాన్ని, పొట్లాల కాగితాల మీద చదువు నేర్చుకున్నాను. కంగారు పుట్టినప్పుడు ఏ అక్షరం దొరికితే దాన్ని పట్టుకుంటాను. స్టేజి మీద మా అబ్బాయి డ్రమ్ములు సరిచూసుకుంటున్నాడు. ఒక్కో దెబ్బకీ గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి. నన్ను చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

ఎదురు కుర్చీలో ఒక అమ్మాయి వచ్చి కూర్చుంది. తన చేతిలోనూ బర్గరే. నర్సట, డ్యూటీ దిగి నేరుగా వచ్చిందట.

“రెండు చేతులతో నొక్కి, నోరు బాగా తెరవండి పెద్దమ్మా. ఇక్కడెవరూ చూడరులెండి.”

పెళ్ళయిన కొత్తలో నేను గట్టిగా నవ్వితే మా అత్తగారు, “కోడలి కొండనాలుక వీధిలోకి కనబడకూడదు,” అనేవారు. నొక్కాను, తెరిచాను, కొరికాను. సాసు గడ్డం మీదికి కారింది. ఇద్దరం నవ్వుకున్నాం.

“ఒక్కరే వచ్చారా?”

“పాడే ఆయనకి అక్కని,” అన్నాను, చెప్పమన్నట్టే.

ఆ పిల్ల తినడం ఆపేసింది. “అయ్యో! అయితే మీ మరదల్ని దగ్గరుండి చూసుంటారు.”

“ఏ మరదలు?”

“అదే, ఆయన భార్య. పోయారు కదా పాపం. చివరి పాటకి ముందు ఆవిడ గురించి చెప్తారు. రోజూ చావులు చూసేదాన్ని, నాకే ఏడుపు ఆగదు. ఆస్పత్రిలో ఆయన ఒళ్ళో తల పెట్టుకుని, ‘మీ పాట ఆపకండి’ అందట. అదే ఆఖరి మాటట.”

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఆస్పత్రి మాట నిజమే. నా కడుపులో గడ్డ తీశారు. ఆయన ఒక్కసారి వచ్చారు. కూర్చోనైనా కూర్చోకుండా, “నా నల్ల బూట్లు ఎక్కడ పెట్టి చచ్చావ్?” అని అడిగారు. “మంచం కింద, అట్టపెట్టెలో,” అన్నాను. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఆయన లేరు.

“ఎలా ఉండేవారు ఆవిడ?” ఆ పిల్ల మెల్లగా అడిగింది.

నా గురించి నన్ను అంత మెత్తగా ఎవరూ అడగలేదు.

“నోట్లో నాలుక లేని మనిషి,” అన్నాను.

“అలాంటివాళ్ళే తొందరగా పోతారు.” కళ్ళు తుడుచుకుని, ముందు వరసలో చోటు చూసుకోవడానికి లేచి వెళ్ళింది.

అంతలో ఆయన వచ్చారు. “ఫ్లాస్కేది? టైమైంది.”

“నేనెప్పుడు పోయాను?”

ఆయన చుట్టూ చూశారు. “గట్టిగా అరవకు. పాటకి ముందు చెప్పే ముక్క అది. మా ఆవిడ ఇంట్లో వంట చేస్తోందంటే ఎవడేడుస్తాడే?”

“అబ్బాయికి తెలుసా?”

“తెలియకపోవడమేమిటి? ఆ మాటకి కళ్ళు తుడుచుకునేది వాడేగా. బ్రహ్మాండంగా చేస్తాడు.” మొహంలో గర్వం కూడా కనబడింది. “నీకేం తక్కువైందిప్పుడు? జనం నీకు దణ్ణం పెడుతున్నారు. బతికుండగా ఎవడు పెట్టాడు?”

ఎవరూ పెట్టలేదు. ఎవరు నన్ను వదిలి వెళ్ళిపోతారో అని బతుకంతా గుమ్మాలు పట్టుకుని నిలబడ్డాను. తీరా చూస్తే, అందరికంటే ముందు సాగనంపింది నన్నే. స్టేజి మీద నన్ను చంపి ఇంటికొచ్చిన మనిషికి లేచి అన్నం వేడిచేసి పెట్టాను, కూరలో ఉప్పు తక్కువైందని తిట్లు తిన్నాను. ఎదురుగా కూర్చుని తిన్న కొడుకు, కళ్ళు అప్పుడే తుడుచుకుని వచ్చినవాడు, పెరుగు వెయ్యమన్నాడు. మొగుడు పోయాక ఒక్కతే ఉంటున్న మా చెల్లెలు ఫోను చేసినప్పుడల్లా, “నా దగ్గరికి వచ్చెయ్యవే,” అంటుంది. “ఈయనకి అన్నం ఎవరు పెడతారే?” అనేదాన్ని.

ఫ్లాస్కు మూత తీశాను. వేడినీళ్ళు మూతలో పోసుకుని తాగాను. ముద్ద దిగింది. మళ్ళీ పోసుకున్నాను.

“ఏయ్! నా గొంతు!”

“ఎండిన గొంతుతోనే పాడండి. ఏడుస్తున్నట్టు ఉంటుంది,” అని అడుగు వరకూ తాగేశాను.

మైకులో ఆయన్ని పిలిచారు. నన్ను కొట్టబోయినట్టు లేచిన చెయ్యి, జనం చూసేసరికి వాళ్ళకి ఊపే చెయ్యి అయింది. నవ్వు తగిలించుకుని వెళ్ళిపోయారు. నేను తొందరపడలేదు. మిగిలిన బర్గరు నోరారా తిని, మూతి తుడుచుకుని, సంచీ తీసుకుని లేచాను. ఫ్లాస్కు బల్ల మీదే వదిలేశాను.

తలుపు దగ్గర నర్సు పిల్ల ఎదురొచ్చింది. “ముందు వరసలో మీకూ చోటు ఆపాను పెద్దమ్మా. ఎక్కడికి?”

“మా చెల్లెలి దగ్గరికి. పోతున్నానమ్మా.”

“అదేం మాట? పోతున్నానని అనకూడదు. వెళ్ళొస్తానని చెప్పాలి.”

“పోయినవాళ్ళు అలా చెప్పరమ్మా,” అన్నాను.