మూడో గుండు

రెండు వేల పన్నెండు సెప్టెంబరు మూడు, మా కొడగులో ఆయుధాలకు పూజ చేసే కైల్‌పొళ్దు పండగ. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో కడంబుట్టు ఉండలు, పందికూర తిన్నారు. తిన్నారు అంటున్నాను, ఎందుకంటే నా వంతుకు మిగిలింది చల్లారిన బియ్యపురవ్వ ఉండ ఒకటి, గిన్నె అడుగున కాస్త కూర జిడ్డు. పొయ్యి పక్కన నిలబడి దాన్ని మింగుతుంటే మా ఆయన నాణయ్య గుమ్మంలోంచి, "దేచూ, రైఫిల్‌కి నూనె పెట్టావా? మైదానానికి టైమవుతోంది" అన్నాడు.

పెట్టాను. పెళ్లయి ఈ కాఫీతోట ఇంటికి వచ్చినప్పటి నుంచీ నేనే పెడుతున్నాను. గొట్టం తుడవడం, పూజలో దాని మూతికి పువ్వు గుచ్చడం నా పనులు. భుజానికెత్తి కాల్చడం ఆయన పని. "మా ఆవిడ చేతులు తుడవడానికి భలే మెత్తగా ఉంటాయి" అని చుట్టాల ముందు మెచ్చుకునేవాడు. అత్తయ్య చోందమ్మది ఇంకొంచెం సూటి మాట. "మీ నాన్న తుపాకీ నేర్పే బదులు కూరలో పులుపెంత వెయ్యాలో నేర్పాల్సింది" అనేది.

నాన్న నేర్పింది వేలి సంగతి. వేలి కొసన మెత్తగా ఉండే చోటు మాత్రమే ట్రిగ్గర్‌కు తగలాలి. కణుపు దాకా దూర్చితే గొట్టం కుడికి తిరుగుతుంది. మరీ కొసతో ముట్టుకుంటే ఎడమకు నెడుతుంది. మిగతా చెయ్యి కదలకుండా, ఆ ఒక్క వేలూ నేరుగా వెనక్కి, మెల్లగా రావాలి. "పేలినప్పుడు నువ్వే ఉలిక్కిపడాలమ్మా, అప్పుడు సరిగ్గా నొక్కినట్టు" అనేవాడు. అత్తవారింట్లో ఎవరూ లేనప్పుడు, లోపల గుండు లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, గొట్టం మీద ఒక కాఫీ గింజను బోర్లించి ట్రిగ్గర్ నొక్కేదాన్ని. గింజ కదలకూడదు. మొదట్లో రాలిపోయేది. రోజంతా ఇంటిల్లిపాదికీ పంచగా ఎవరికీ అక్కర్లేక మిగిలిన ఆ కాసేపు నాది. గింజ రాలని రోజున అన్నం వారుస్తూ నాలో నేనే నవ్వుకునేదాన్ని.

మైదానంలో గురి పోటీకి ఎత్తయిన చెట్టు చిటారు కొమ్మన టెంకాయ కట్టారు. ఇంటికి మూడు గుండ్లు. ఆడవాళ్లకు ఇంకో కాయ, ఇంచుమించు చేతికందేంత కిందన, మగవాళ్ల పోటీ అయ్యాక నవ్వులాటకు. అప్పటిదాకా మేం షర్బత్ పంచాలి.

నాణయ్య మొదటి గుండు కాయకు కుడిపక్క కొమ్మను విరిచింది. రెండోదీ కుడికే పోయింది. ఆయన వెనక్కి తిరిగి, షర్బత్ పళ్లెంతో నిలబడ్డ నన్ను అందరికీ చూపించాడు.

"నూనె ముంచి పోసింది మహాతల్లి. ట్రిగ్గర్ జారిపోతుంటే ఎలా కొట్టేది?"

నవ్వారు. ఆ నవ్వు నాకు పాతదే. అయినా ఆ రోజు పళ్లెం కింద పెట్టేశాను.

"ట్రిగ్గర్ జారడం లేదండీ. మీరు వేలంతా దూర్చి కొక్కెంలా లాగుతున్నారు. అందుకే కుడికి పోతోంది."

"అబ్బో, పాఠం చెబుతోంది. అయితే నువ్వే కొట్టు."

పోటీ నడిపించే పెద్దాయన అప్పచ్చు అడ్డొచ్చాడు. "మీ కాయ అదిగో, కింద కట్టాం కదమ్మా. కాస్త ఆగు."

"ఇంటికి మూడు గుండ్లు అన్నారు బాబాయ్. మా ఇంటిది ఒకటి మిగిలింది. నేను ఆ ఇంటి మనిషినా, కాదా?"

ఆయన నాణయ్య వైపు చూశాడు. నాణయ్య నేల చూశాడు. ముందు తనే కొట్టమన్నాడు కదా.

తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. ముసలిదాన్నయ్యేదాకా ప్రతి విందులో ఈ కథ వడ్డిస్తారు, నా చేతే వంట చేయించుకుని. ఆ భయం చేతుల్లోకి దిగకముందే రైఫిల్‌ను భుజానికి ఆనించాను. ఊపిరి సగం వదిలాను. వేలి కొసన మెత్తటి చోటు ఇనుముకు తగిలింది. నొక్కుతూ, నొక్కుతూ, ఇంకా కాదు అనుకుంటుండగానే పేలింది. ఉలిక్కిపడ్డాను.

టెంకాయ నీళ్లు మాను వెంట కారుతున్నాయి.

"గాలివాటం" అన్నాడు నాణయ్య. ఎవరో దగ్గారు. అప్పచ్చు మాత్రం తలపాగా సర్దుకుని, "గాలి ఎడమకు కదా వీస్తోంది, నీ గుండ్లేమో కుడికి పోయాయి" అన్నాడు.

చీకటి పడ్డాక నాణయ్య స్నేహితులతో ఇంటికొచ్చాడు. రైఫిల్‌ను నా ముందు బల్ల మీద పెట్టాడు.

"తుడిచెయ్. కూర వడ్డించు. వీళ్లు తినలేదు."

"నేను కాల్చింది ఒక గుండు. ఆ మేరకు తుడుస్తాను. మిగతా రెండూ మీవి" అన్నాను.

నాణయ్య తల్లి వైపు తిరిగాడు. "చూడమ్మా, నీ కోడలి వాలకం."

అత్తయ్య నా వైపు తిరిగింది. పులుపు మాట కోసం నేను సిద్ధంగానే ఉన్నాను. ఆమె లేచి వంటింట్లోకెళ్లి, రాత్రికి వండి మూత పెట్టిన గిన్నెలోంచి పళ్లెంలో పెట్టుకొచ్చి నా చేతికిచ్చింది. వేడి కూర, రెండు ఉండలు.

"కూర్చుని తిను" అంది.

తర్వాత కొడుకును గానీ అతిథులను గానీ చూడకుండా, చప్పుడు లేకుండా వంటింటి తలుపు మూసి బయటి నుంచి గొళ్లెం పెట్టేసింది.