శుక్రవారపు మర్యాద

శిశిరము తన కడపటి చలిని మూటగట్టుకొని గౌతమీతీరమును వీడిపోవుచుండగా పూత రాలి పిందె పట్టిన మామిడికొమ్మలపై కోకిలములు గొంతులు సవరించుకొనుచుండగా కాలువనీటిపై నడయాడు మంచుతెర మెల్లమెల్లన తొలగి యావలిగట్టు కొబ్బరితోపులు తలలు చూపుచుండగా ఆత్రేయపురమునకు పొరుగుననున్న యొక గ్రామమున రహదారి ప్రక్కపాకలో నల్లమిల్లి మంగాయమ్మ బోర్లించిన కుండక్రింద ఎండుకొబ్బరాకుల మంట నెగదోయుచుండెను. పలుచని బియ్యపుపిండిపాలలో ముంచిన వస్త్రమును కాలిన కుండవీపుపై పరచి లాగినంతనే పొరవంటి రేకు పుట్టుచుండ దానిని చిరుగకుండ నొడిసి తీసి దొంతిగా పేర్చుట యామె నిత్యకృత్యము. వైధవ్యము ప్రాప్తించిన నాటినుండియు నామెకు అన్నము పెట్టినది ఆ కుండయే, గౌరవము పెట్టినది ఆ పాకయే. పూతరేకుల కొఱకు కార్లు నిలుపుకొని వచ్చు పట్టణవాసులు ఆమె పేరెఱుగరు కాని కాలువవంతెన ప్రక్క పాకయనిన నెల్లరకును దెలియును.

అట్టి పాక యామెది కాదు. వెంకటపతిరాజుగారిది. ఆయన చెఱుపు చేయు మనుష్యుడు కాడు, మేలు చేయు మనుష్యుడును కాడు, నడుమనుండు గృహస్థు. సంక్రాంతి వెళ్ళిన పిదప నొకనాడు పాకయెదుట మోటారుసైకిలు నిలిపి విషయము తేటపఱచెను.

"ఈ జాగా అమ్మేద్దామనుకుంటున్నాను మంగాయమ్మా. నువ్వు కొనుక్కుంటే నాకు మరీ సంతోషం. వచ్చే ఏడాది మాఘం దాకా ఆగుతాను. ఆ పైన సెల్‌ఫోన్ల కొట్టువాడికి మాటిచ్చేస్తాను, నన్ననకు మరి."

"ఆయ్, మీరు ఆగండి బాబూ. నా డబ్బు వచ్చే నెల్లో చేతికొస్తాది" అని యామె ధీమాగా బదులు పలికెను. ఆ ధీమాకు కారణము లేకపోలేదు. అయిదేండ్ల క్రిందట రేకురేకుగా కూడబెట్టిన ధనమునెల్ల రావులపాలెమునందలి శ్రీ ధనకటాక్ష నిధి యను సంస్థలో ఫిక్సెడ్ డిపాజిట్టు చేసియుండెను. గడువు ఫాల్గుణమున తీరనుండెను.

గడువునాడు వేకువనే కుండ దించి తలస్నానము చేసి ఉతికిన చీర కట్టి మంగాయమ్మ బస్సెక్కి నిధికార్యాలయమునకు పోయెను. అచట మేనేజరు ముక్తేశ్వరరావు. ఆతని తల్లియు నీమెయు నొకప్పు డిరుగుపొరుగుల కాపురముండిన స్నేహమున నాతడామెను పిన్నిగారని పిలుచుట, ఆమె యాతని 'ఒరే అబ్బాయ్' యనుట పరిపాటి. ఆమె రసీదు తీసి బల్లపై పెట్టబోవుచు తలయెత్తి చూచెను. గోడపై లక్ష్మీదేవి పటమునకు కనకాంబరముల దండ. పటముముందు దీపము. డబ్బుపెట్టెకు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టియుండిరి. మంగాయమ్మ నాలుక కరచుకొనెను.

"అయ్యో నా మతి మండ! ఇవాళ శుక్రవారం కదురా అబ్బాయ్! దీపం పెట్టిన పెట్టెలోంచి లక్ష్మిని ఎలా పట్టుకుపోను? నీ ఆఫీసు చల్లగా ఉండాలి. గడువునాడు కనబడ్డాను, అది చాలు. సోమవారం వస్తాను."

శుక్రవారమునాడు ఇల్లాలు అప్పు తీర్చదు, వర్తకుడు పెద్దసొమ్ము బైటపెట్టడు, అడుగవచ్చినవాడును పెద్దమనిషియైనచో ఆనాడు అడుగడు. ఈ మర్యాద యెవ్వరును వ్రాసిపెట్టినది కాదు, ఎవ్వరును మీఱినదియు కాదు. ముక్తేశ్వరరావు దిగ్గున లేచి రెండుచేతులు జోడించి "మీ దయ పిన్నిగారూ" యనెను. ఆ నమస్కారము వయస్సున కనుకొని యామె దీవించి వెడలిపోయెను.

సోమవారమునాడు ఆ చేతులే రసీదును వెనుకకు నెట్టెను. "గడువునాడు పుచ్చుకోని డిపాజిట్టు మరో ఐదేళ్లకి దానంతటదే తిరగరాసినట్టేనట పిన్నిగారూ. రూల్సులో ఉందట. హెడ్డాఫీసువాళ్ళు చేసేశారు. నా చేతుల్లో ఏం లేదు."

"అదేంట్రా! నేను రావడం నువ్వు చూశావు కదా. ఈ కుర్చీలోనే కూర్చున్నాను కదా!"

పుణ్యానికి పోతే పాపం ఎదురైందని లోకమాడు మాట కర్థమేమో మంగాయమ్మకు ఆనాడు బోధపడెను. పిమ్మట నామె తిరుగని తిరుగుడు లేదు. నిధివారి ప్రధానకార్యాలయమునకు పోయిన శాఖకు పొమ్మందురు, శాఖకు పోయిన ప్రధానకార్యాలయమునకు పొమ్మందురు, ఈ రెంటినడుమ బస్సువారికి మాత్రము ఆదాయము హెచ్చెను. కాళ్ళకు నీరుదిగి రేకులు తీయుటయందు చేయి తడబడి దొంతులకు దొంతులు చిరిగిపోవుచుండగా నామె ఆ చిరుగులను నోట వేసికొనుచు మేనేజరును నిధిని నోటికి వచ్చినట్లు తిట్టుచుండెను. తిట్లకు నిధి కదలలేదు కాని మాఘము మాత్రము దగ్గఱకు కదలి వచ్చుచుండెను.

కడపట నొక పూతరేకుల ఖాతాదారు ఆమెను రాజమహేంద్రవరమునందలి తల్పశాయి యను వకీలునొద్దకు తోడ్కొనిపోయెను. ఆతడు జిల్లా వినియోగదారుల కమిషనునందు అర్జీ దాఖలుచేసెను. గడువునాడు హాజరైనను సొమ్ము ముట్టలేదని మాత్రమే యందు వ్రాయించి ఎందుచేత ముట్టలేదను సంగతిని యుక్తిగా వదలిపెట్టెను. ఇట్టి వ్యాజ్యములు సాధారణముగా కాగితములపైననే తేలిపోవును. కాని మార్గశిరమున అధ్యక్షురాలు ఉభయపక్షములవారిని పిలిపించి తానే ప్రశ్నింపదలచెను. ఆ ఉదయమున వకీలు మంగాయమ్మను వసారాలోనికి పిలిచి గొంతు తగ్గించెను.

"అమ్మా, 'ఇవాళ శుక్రవారం, డబ్బు ఇవ్వం' అని ఆనాడు మేనేజరే అన్నాడని చెప్పండి. ఒక్క మాట. దాంతో కేసు మనది. మీరే వద్దన్నారని చెప్పారా, వాళ్ళ రూలు మీ నెత్తినే పడుతుంది. ఇక మీ ఇష్టం."

విచారణశాలలో బల్లపై కూర్చుండియున్నంతసేపు నామెకు భయము వేసెను, మిక్కిలి భయము వేసెను. పాక పోయినచో నీ వయసున నెవరి పంచన కుండ పెట్టవలయును? ఒక్క మాట. ఆ మాటచేత ముక్తేశ్వరరావునకు మాత్రము కలుగు నష్టమేమి? వాడు చేసినదానికి వానికది తగియే యుండును. ఇట్లు తన్ను తాను సమాధానపఱచుకొని మంగాయమ్మ అబద్ధమునకు దాదాపుగా సిద్ధపడియే లేచి నిలువబడెను.

అధ్యక్షురాలు కండ్లద్దములు సవరించుకొని సౌమ్యముగా నడిగెను.

"గడువు రోజు ఆఫీసుకి వెళ్ళారు. బాగానే ఉంది. మరి డబ్బు తీసుకోకుండా ఎందుకు వచ్చేశారమ్మా? ఎవరు వద్దన్నారు?"

తల్పశాయి ఆమెవంక చూచెను. ముక్తేశ్వరరావు నేలవంక చూచెను. ఆతని వెనుక నిధివారి డైరెక్టరొకడు కాలిపై కాలు వేసికొని కూర్చుండియుండెను. మంగాయమ్మ నోరు తెఱచెను. సిద్ధపఱచుకొన్న మాట యేమైనదో కాని నోటినుండి వచ్చినది వేఱు.

"నేనేనండి. శుక్రవారంపూట అడక్కూడదని నేనే వద్దన్నానండి. ఆ అబ్బాయి ఏమీ అనలేదండి."

తల్పశాయి కాగితములు మూసివేసెను. నిధివారి వకీలు ముఖము చేటంత చేసికొని లేచి "ఇంకేముందండి, ఆవిడే ఒప్పుకున్నారు. పుచ్చుకోకపోవడం ఆవిడ ఇష్టం, తిరగరాయడం మా రూలు" అని ముక్తాయించెను. మంగాయమ్మ మఱల బల్లపై కూర్చుండెను. పాక పోయినదనియే ఆమె నిశ్చయించుకొనెను.

కాని అధ్యక్షురాలు మేనేజరువంకకు మఱలెను. "ఆవిడ సోమవారం వస్తానన్నప్పుడు, ఇవాళ తీసుకోకపోతే ఐదేళ్లు ఆగాలని మీరు చెప్పారా?"

ముక్తేశ్వరరావు వెనుకకు తిరిగి చూడలేదు. "లేదండి."

"ఎందుకు చెప్పలేదు?"

వెనుకనుండి డైరెక్టరు దగ్గెను. ముక్తేశ్వరరావు ఆ దగ్గు వినియు విననట్లు మంగాయమ్మవంక నొక్కమారు చూచి చెప్పదొడగెను.

"చెబితే డబ్బు అడుగుతారండి. ఆ రోజు పెట్టెలో పసుపూ కుంకం తప్ప పైసా లేదండి. నెల్లాళ్ళనుంచీ పైనుంచి డబ్బు రావట్లేదండి. ఆవిడ అడిగుంటే షట్టరు దించెయ్యాల్సొచ్చేదండి. అడక్కుండా వెళ్ళిపోతానన్నారు. పరువు దక్కిందనుకుని దణ్ణం పెట్టేశానండి. నేనేదో తిట్టి పంపేశానని చెబుతారనుకున్నాను. ఆవిడ ఇవాళ కూడా నా మీద చెప్పలేదు. ఇంక నేనెలా దాచనండీ?"

నిబంధనను చెప్పవలసినచోట దాచి మర్యాదను అదనుగా గొని సొమ్ము బిగబట్టుట సేవాలోపమే యగునని కమిషను తీర్పు చెప్పెను. అసలు వడ్డీతో చెల్లింపవలెననియు వ్యాజ్యపు ఖర్చులు సైతము నిధివారే భరింపవలెననియు నుత్తరువు వెలువడెను. పెట్టెలో పైసా లేదన్న మాట తక్కిన డిపాజిటుదారుల చెవిని పడినచో కొంప మునుగునని భయపడిన నిధివారు అప్పీలు మాటయైన తలపెట్టక ఎచటనుండి తెచ్చిరో తెచ్చి సొమ్ము చెల్లించివేసిరి. మాఘము వెళ్ళకమునుపే పాక మంగాయమ్మ పేర రిజిష్టరయ్యెను. వెంకటపతిరాజుగారు సంతకము చేసి "గట్టిపిండానివే!" యని మెచ్చుకొనిరి. ఊరివారందఱకు నామె ఇంటింటికి రేకులు పంచిపెట్టెను. ఇంతటి సంతోషము తన జన్మలో నెఱుగనని యెదురుపడినవారికెల్ల చెప్పికొనెను.

ఆ పంపకములోనే యెవరో యామె చెవిని వేసిరి, ముక్తేశ్వరరావును నిధివారు తీర్పు వచ్చిన వారమే కొలువునుండి తొలగించిరని.

మఱునాడామె నేయి మెండుగా వేసి చుట్టిన రేకుల పొట్లము పట్టుకొని రావులపాలెమున నాతని యిల్లు వెదకికొని పోయెను. పిలువని పేరంటమేయని ఆమెకును తెలియును. తలుపు తీసినది ఆతని భార్య భ్రమరాంబ. లోపల ముక్తేశ్వరరావు గోడకు జేరగిలబడి కూర్చుండి యీమెను చూచి లేవబోయి మఱల కూర్చుండెను.

"రండి అత్తయ్యగారూ. పాక రాయించుకున్నారటగా?"

"ఆయ్, రాయించుకున్నానమ్మా."

"మంచిది." ఆమె స్వరమున కోపము లేదు. అదియే మంగాయమ్మకు దుస్సహమయ్యెను. "మీరూ నిజం చెప్పారు. మా ఆయనా నిజం చెప్పారు. మీకు పాకొచ్చింది. మరి మాకేమొచ్చిందండీ?"

క్షమింపుమనుటకు మంగాయమ్మ చేసిన తప్పు లేదు, ఓదార్చుటకు తనకున్న యధికారము లేదు. వ్యాజ్యపు ఖర్చు లెవ్వరు భరింపవలయునో ప్రతి తీర్పు చివరను వ్రాయుదురు. నిజమాడుట కగు ఖర్చు నెవ్వరు భరింపవలయునో యే తీర్పునందును వ్రాయరు. మంగాయమ్మ పొట్లమును ఒడిలో పెట్టుకొని ఆ యింటి యరుగుమీదనే కూర్చుండిపోయెను.