నిండు గ్లాసు

"ఇటు కూర్చోండి వదినా, ఇక్కడ గాలి బాగా వస్తుంది" అంటూ హోటల్లో మరదలు తనే కుర్చీ లాగింది. ఇన్నేళ్లలో ఆవిడ ఆడపడుచు కోసం కుర్చీ లాగడం ఇదే మొదలు. కూర్చోకపోతే బాగుండదు. కూర్చుంటే చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయేలా ఉంది. చివరికి ఆడపడుచు కూర్చుంది.

పేటలో ఆమెను అందరూ సోఫా అక్క అంటారు. పాత సోఫాలకు, కుర్చీలకు కొత్త గుడ్డ తొడగడం ఆమె పని. కూర్చోగానే అలవాటు కొద్దీ కుర్చీ అంచు తడిమి చూసింది. పైన వేసిన తోలు ఖరీదైనదే, లోపలి స్పాంజి మాత్రం నాసిరకం. ఆ ముక్క పైకి అనబోయి నాలుక కరుచుకుంది. అలాంటి ముక్క అన్నందుకే కదా తమ్ముడి గడపకు దూరమైంది. తమ్ముడు ఇల్లు కొన్న కొత్తల్లో మరదలు ముచ్చటపడి తెచ్చుకున్న సోఫాను చుట్టాలందరి ముందూ ఒక్క గుద్దు గుద్ది, "పుచ్చు చెక్క, ఎన్నాళ్లో ఆగదు" అంది. సోఫా అయితే ఆగింది గానీ మరదలి ముఖం అక్కడికక్కడే మాడిపోయింది. తర్వాత ఆ ఇంట్లో పుట్టినరోజులు జరిగాయి, విందులు జరిగాయి. అక్క వాటిని ఫోన్లో ఫొటోలు చూసి తెలుసుకునేది. నోటిదురుసుకు అంత శిక్షా అని ఒక్కోసారి ఏడ్చేది కూడా.

అలాంటిది ఇప్పుడు నెత్తిన పెట్టుకుంటున్నారు. తమ్ముడి కిడ్నీలు రెండూ పాడైపోయాయి. డయాలసిస్ మీద నెట్టుకొస్తున్నాడు. మరదలిది సరిపడలేదు, కూతురికి ఇంకా ఆ వయసు రాలేదు. ఎవరూ అడక్కముందే అక్క వెళ్లి పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చింది. సరిపడింది. ఆ రోజు నుంచి మరదలు పొద్దునా సాయంత్రమూ ఫోను, మేనకోడలు షాపుకొచ్చి పక్కన కూర్చోవడం, ఇదిగో ఇవాళ ఈ భోజనం.

నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి నర్సు ఫోను చేసింది. చివరి స్కానులో తేలిందట. అక్కకు పనిచేస్తున్న కిడ్నీ ఒక్కటే. రెండోది పుట్టుకతోనే ఎండిపోయి ఓ మూలన పడి ఉంది. ఇన్నాళ్లూ ఆమె ఒక్కదానితోనే బతుకు వెళ్లదీస్తోందన్న మాట. ఉన్న ఒక్కటీ ఎవరూ తియ్యరు. "ఇంట్లోవాళ్లకు నేను చెప్తాను, మీరు చెప్పకండి" అని నర్సును బతిమాలుకుంది. బతిమాలినప్పుడు తమ్ముడి కోసమే అనుకుంది. పొద్దున మంచి చీర కోసం బీరువా వెతుకుతున్నప్పుడు తెలిసింది, కాదని.

హోటలు గొప్పగానే ఉంది. సున్నం వెయ్యని ఇటుక గోడలు, పొడుగు తీగలకు వేలాడే బల్బులు, అద్దం వెనకాల మంటల మీద పెనాలు ఎగరేస్తున్న వంటవాళ్లు. చొక్కా చేతులు మడుచుకుని రావచ్చు గానీ ఆ చొక్కా మంచిదై ఉండాలి, అలాంటి చోటు. నల్ల ఏప్రన్ కట్టుకున్న వెయిటరు నిమ్మ చెక్కలు తేలుతున్న జగ్గుతో వచ్చి నాలుగు గ్లాసులూ నింపాడు. మరదలు వెంటనే తమ్ముడి గ్లాసు తన వైపు లాక్కుని, అందులోంచి ఒక ఐసు ముక్క తీసి చెంచాలో పెట్టి ఇచ్చింది. తమ్ముడు తాగే నీటి చుక్కలన్నిటికీ కాపలా ఆవిడే. ఒంట్లో చేరిన నీళ్లు పోయే దారి లేదు, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అతను ఆ ముక్కను బుగ్గన పెట్టుకుని పిల్లాడిలా చప్పరించాడు.

సూపు తాగేటప్పుడు చెప్పేద్దామనుకుంది. అంతలో మరదలు ఆమె గిన్నెలోకి తన గిన్నెలోది కూడా కొంచెం వంచి, "వదినా, మీరన్న మాటే నిజమైంది. ఆ సోఫా కుంగిపోయింది. మీరు కోలుకున్నాక మీ చేత్తోనే బాగు చెయ్యాలి" అంది. అంత మాట ఆ నోట వస్తుందని అక్క కలలో కూడా అనుకోలేదు. మనసు నిండిపోయింది. నిండిన మనసుతో ఆ పాడుమాట ఎలా చెప్తుంది? చేప వచ్చాక చూద్దాంలే అనుకుంది.

చేప వచ్చింది. ముళ్లు తీసిన మెత్తటి ముక్కలన్నీ మేనకోడలు అత్త ప్లేట్లోకి చేర్చింది. ఆపరేషన్ తర్వాత ఉండటానికి తన గది అత్తకు ఇచ్చేశానని, కొత్త పరుపు కూడా కొన్నామని, పరుపు ఎలా ఉందో అత్త పైకి చెప్పకూడదని షరతు పెట్టింది. అందరూ నవ్వారు. "అక్క ముక్క నాలో పడ్డాక నేను కూడా ఊరందరి సోఫాలూ గుద్దుకుంటూ తిరుగుతానేమో" అన్నాడు తమ్ముడు. మళ్లీ నవ్వారు. అక్క అందరికంటే గట్టిగా నవ్వింది, నవ్వుతూనే తనను తాను తిట్టుకుంది. దొంగతనంగా తింటున్న తిండి ఇది. అయినా ఎంత రుచిగా ఉందో.

మేనకోడలు ఎందుకో లేచి వెళ్లి వెయిటరు చెవిలో ఏదో చెప్పి వచ్చింది. తల్లీ కూతుళ్లు కళ్లతోనే ఏదో అనుకున్నారు.

వెయిటరు మళ్లీ జగ్గుతో వచ్చాడు. ఖాళీ కాని గ్లాసును కూడా అంచుదాకా నింపాడు. అక్కడి మర్యాద అది కాబోలు. తమ్ముడు మరదలి చెయ్యి పక్కనున్న తన గ్లాసు వంక చూశాడు. దాని ఒంటి మీద చెమ్మ పట్టి బొట్లు బొట్లుగా జారుతోంది.

"అక్కా, ఆపరేషన్ అయ్యాక నేను ముందు ఏం చేస్తానో తెలుసా?" అన్నాడు. "ఒక నిండు గ్లాసు మంచినీళ్లు తాగుతాను. ఒక్క గుక్కలో. నీ మరదలు చూస్తుండగా."

అతను నవ్వుతూ అన్న మాటే. కానీ అక్క చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. ఇంక ఒక్క మెతుకు మింగినా అది వాడి రక్తం తాగినట్టే అనిపించింది. ప్లేటు పక్కకు జరిపింది.

"నాది పనికిరాదట్రా" అంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. రెండోసారి వివరంగా చెప్పింది. ఒకటే ఉందని, రెండోది ఎప్పుడూ లేనట్టేనని, నర్సు ఫోను చేసిందని. పక్క బల్ల దగ్గర ఎవరో ఉప్పు అడుగుతున్నారు.

మేనకోడలు తల్లి వంక చూసింది. మరదలు ఒడిలోని రుమాలు తీసి మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది.

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్న."

"నిన్నే తెలిస్తే ఇవాళ ఎందుకొచ్చారు వదినా?"

ఆ మాటలో కోపం ఉంటే అక్క తట్టుకునేది. కోపానికి ఆమె అలవాటు పడ్డ మనిషే. ఇది నిజంగా తెలియక అడిగిన ప్రశ్న. దానికి అక్క దగ్గర ఉన్న జవాబు ఒక్కటే.

"పిలిచారుగా" అంది.

సరిగ్గా అప్పుడే చప్పట్లు మొదలయ్యాయి. వంటగది వైపు నుంచి నల్ల ఏప్రన్ల వాళ్లు వరసగా వస్తున్నారు, ముందున్న వెయిటరు చేతిలో చిన్న కేకు, దాని మీద వెలుగుతున్న కొవ్వొత్తి. మేనకోడలు తల అడ్డంగా ఊపింది, చెయ్యి ఊపింది. సిగ్గుపడుతోందనుకున్నారేమో, వాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు. చుట్టుపక్కల బల్లల వాళ్లు కూడా ముఖాలు తిప్పి చప్పట్లు కలిపారు. కేకు తెచ్చి సరిగ్గా అక్క ముందు పెట్టారు. "థాంక్యూ అత్తా" అని చాక్లెట్టుతో రాసి ఉంది, మాటలు మేనకోడలివే. ఊదమని అందరూ నవ్వు ముఖాలతో ఎదురుచూస్తున్నారు. ఊదకపోతే వాళ్లు కదిలేలా లేరు. అక్క ఊదింది. చప్పట్లు ఆగాయి, వాళ్లు వెళ్లిపోయారు. కొవ్వొత్తి పొగ నలుగురి మధ్యా కాసేపు నిలబడింది.

కేకును ఎవరూ ముట్టుకోలేదు. మేనకోడలు తల దించుకుని కళ్లు తుడుచుకుంటోంది. అక్కకు ఆ పిల్ల వీపు నిమరాలనిపించింది. ఇప్పుడు తనకు ఆ హక్కు ఉందో లేదో తెలియక, చెయ్యి కుర్చీ అంచు మీదే ఉంచుకుంది. వేళ్ల కింద కుట్టు ఒకచోట ఊడి ఉంది.

"ఉన్న ఒక్కటీ బాగానే ఉందా అక్కా?" అని అడిగాడు తమ్ముడు.

"బాగానే ఉందన్నారు."

"అయితే సరే. జాగ్రత్తగా చూసుకో."

అలా అని చెయ్యి చాపి, మరదలి పక్కనున్న తన గ్లాసు తీసుకున్నాడు. తొందరపడలేదు. ఎత్తి, తల కొంచెం వెనక్కి వాల్చి తాగడం మొదలుపెట్టాడు. గొంతులో గుటక పడటం, మళ్లీ పడటం అక్కకు కనిపిస్తూనే ఉంది. ఆపమని అరవాలనుకుంది. ఆపి ఏమివ్వగలదు? మరదలి వంక చూసింది. పెళ్లాం కదా, ఆవిడ ఆపుతుంది, ఎప్పుడూ ఆపేది ఆవిడే. మరదలి చెయ్యి గ్లాసు ఉన్న చోటే, బల్ల మీద మిగిలిన తడి వలయం పక్కనే ఉంది. అది కదల్లేదు.

చివరి చుక్కదాకా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"చల్లగా ఉన్నాయక్కా" అన్నాడు.

వెయిటరు జగ్గుతో వచ్చి మళ్లీ నింపి వెళ్లాడు.