నాలుగు గంటల పట్టు

అప్పలనర్సమ్మ నోట్లో రెండు వేళ్లు పడుతున్నాయి, మూడోది పట్టడం లేదు. పదిహేను రోజులుగా ఇదే వరస. పొద్దున్నే ఎవరూ లేవకముందు బాత్రూం అద్దం ముందు నిలబడి, వేళ్లు నిలువుగా పేర్చి నోట్లో పెట్టి చూసుకుంటుంది. నోరు తెరిచినప్పుడల్లా ఎడం చెవి పక్కన టక్కుమంటుంది. ఆ వెనకే నొప్పి కణత దాకా పాకుతుంది.

ఆవిడకి నోరు తెరుచుకోవడం లేదంటే బిలాస్‌పూర్ పాత రైల్వే కాలనీలో ఒక్కరూ నమ్మరు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గాని, ఆవిడ నోరు పెద్దది కావడం వల్లే ఆ క్వార్టర్ల వరసకి మంచి జరిగింది. కొళాయి రాకపోయినా, కాలవ పొంగినా, ఆఫీసు దాకా వినిపించే గొంతు ఇంకెవరికీ ఉండేది కాదు. ఇప్పుడా వరస కూల్చేశారు. ఆవిడ ఊరి చివర మోప్కాలో కొడుకు కట్టుకున్న ఇంట్లో ఉంటోంది.

ఇంట్లో వాళ్లకి పన్ను పోటని చెప్పింది. లవంగం బుగ్గన పెట్టుకుంది. కోడలు సౌభాగ్య అన్నం గంజిలా మెత్తగా వండి పెడుతోంది. డాక్టరు దగ్గరికి వెళ్దామని కొడుకు చిరంజీవి రెండుసార్లు అడిగాడు.

"ఏ పన్నో తేలనీరా, అప్పుడెల్దాం" అంది.

ఏ పన్నూ తేలేది కాదని ఆవిడకి తెలుసు. అది పన్ను కాదని, చుట్ట అని ఆవిడ గట్టి నమ్మకం.

ఇప్పటివాళ్లకి విడమరిచి చెప్పాలి. శ్రీకాకుళం పక్క పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట కాల్చడం ఒకప్పుడు వింత కాదు. అందులోనూ వాళ్లు కాల్చేది అడ్డపొగ. నిప్పున్న కొస నోటి లోపల ఉంటుంది, చల్లటి కొస బయట. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, గాలికి చుట్ట ఆరదు, నుసి ఒళ్లో పిల్ల మీద పడదు. అప్పలనర్సమ్మ తల్లి దగ్గర నేర్చుకుంది. పద్దెనిమిదో ఏట, రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ పోలయ్య పెళ్లాంగా బిలాస్‌పూర్ వచ్చినప్పుడు ఆ అలవాటు కూడా మూటలోనే వచ్చింది. మొదటివారం పక్కింటి ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్లు గోడవతల వరసగా నిలబడి చూశారు. "ఏ దాయీ, ఆగీ ఖావత్ హే" అని ఒకావిడ నోరు నొక్కుకుంది. నిప్పు తింటోందట. అప్పలనర్సమ్మ వాళ్ల కోసం ఇంకాస్త గట్టిగా పొగ పీల్చి చూపించింది.

పోలయ్య డ్యూటీ దిగి, నీళ్లు పోసుకుని వచ్చేసరికి నాలుగయ్యేది. వెనక మెట్టు మీద ఇద్దరూ కూర్చునేవారు. ఒక కట్టలోంచే రెండు చుట్టలు. ఆయనే రెండూ వెలిగించి, ఒకటి తిప్పి నిప్పు వైపు ఆవిడ నోటికి అందించేవాడు. ఎదురుగా యార్డులో పెట్టెలు ఒకదానికొకటి తగులుకుంటుంటే, ఏది ఎటు పోతుందో చెప్పేవాడు. చుట్ట నోట్లో ఉండగానే ఆవిడ ఊరంతటి మీదా చాడీలు చెప్పేది. వాళ్ల కాపురంలో మంచి మాటలన్నీ ఆ మెట్టు మీద పుట్టినవే. ఆ గంట కోసమే ఆవిడ మిగతా రోజంతా ఈదుకొచ్చేది.

రిటైర్మెంటు ఇంకా ఏడాది ఉందనగా పోలయ్య నోరు మూసుకుపోవడం మొదలైంది. మూడు వేళ్లు, రెండు వేళ్లు, ఒకటి. రాయ్‌పూర్ పెద్దాసుపత్రిలో జబ్బు పేరు చెప్పారు. అదే రోజు ఇంటికి రాగానే అప్పలనర్సమ్మ చుట్టల కట్టని పొయ్యిలో పడేసింది. అయిదు నెలలకి ఆయన పోయాడు. పద్నాలుగేళ్లయింది. ఆవిడ మళ్లీ చుట్ట ముట్టలేదు.

ఇప్పుడు ఆవిడ వేళ్లు రెండే పడుతున్నాయి. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ముప్ఫయ్యారేడేళ్లు నోట్లో నిప్పు పెట్టుకున్న మనిషికి వేరే డాక్టరెందుకనుకుంది. కొడుక్కి చెప్పకుండా తన ఏర్పాట్లు తను మొదలుపెట్టింది. మంచి చీరలు విడిగా మడత పెట్టింది. కోడలిని పిలిచి, ఈ ఏడు బెల్లపావకాయ కలిపేటప్పుడు పక్కనే కూర్చుని నేర్చుకోమంది. నేనున్నానో లేదో అన్న మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగింది.

పట్టుకున్నది మనవరాలు తనూజ. బోద్రీ హైకోర్టులో ఒక వకీలు దగ్గర జూనియరు. ఒక పొద్దున బాత్రూం తలుపు తోసి నిలబడింది.

"ఏటి చేస్తున్నావు నానమ్మా?"

"పళ్లు తోంకుంటన్నాను."

"బ్రష్ ఏది మరి?"

అప్పలనర్సమ్మ నోట్లోంచి వేళ్లు తీసేసింది. వకీలుకి చదివిస్తే ఇంట్లో వాళ్లకే మొదటి బోను. ఇంక దాచలేకపోయింది.

"మీ తాతకొచ్చిందే నాకూ వొచ్చీసిందమ్మి. మీ నాన్నకి సెప్పకు."

తనూజ గడప మీద కూలబడింది. తాత పోయేటప్పటికి దానికి పదేళ్లు. ఆ ఇంటి వాసనంతా గుర్తుంది. తలెత్తి అడిగింది, "అచ్ఛా, డాక్టర్ చెప్పాడా?"

"నాను సెప్తన్నాను."

"నువ్వు డాక్టర్ కాదు కదా. అదే అయితే దాస్తే పోదు. కాకపోతే ఊరికే చస్తున్నావు. ఇవాళే వెళ్దాం, చలో."

పళ్ల డాక్టరు పేరు ఊర్మిళ. తెలంగాణ మనిషి, తెలుగు వినపడగానే కుర్చీ దగ్గరకు లాక్కుంది. తనూజ చుట్టల సంగతీ తాత సంగతీ చెప్పింది. నోట్లో లైటు వేసి బుగ్గల లోపల, నాలుక కింద, అంగుడు మీద వేలితో తడిమి చూస్తున్నంత సేపూ అప్పలనర్సమ్మ కళ్లు మూసుకునే ఉంది. సింహాచలం అప్పన్నకి మొక్కడానికి కూడా మనసు కుదరలేదు.

"కళ్లు తెరవండమ్మా. పుండు లేదు, తెల్ల మచ్చ లేదు, బుగ్గలు మెత్తగా ఉన్నాయి. అన్నేళ్లు కాల్చారు కాబట్టి ఆరు నెలలకోసారి వచ్చి నోరు చూపించుకోవాలి, అది మానొద్దు. ఈ నొప్పి మాత్రం దానిది కాదు."

చెవి ముందర వేలు పెట్టి నొక్కింది. అప్పలనర్సమ్మ కెవ్వుమనబోయి ఆగింది.

"ఇక్కడే మీ బాధంతా. దవడ కీలు ఇది. మోకాలు అరిగినట్టు ఇదీ అలిసిపోతుంది. చుట్టూ కండరాలు బిగుసుకుపోయాయి. పళ్లు బిగబట్టే అలవాటుందా?"

"నాకేటి పని" అంది అప్పలనర్సమ్మ. భయం దిగిపోయి కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఉంది" అంది తనూజ. "నిద్రలో పటపటా కొరుకుతుంది. పగలు కూడా. నాలుగు కొట్టేసరికి వెళ్లి మెట్టు మీద కూర్చుంటుంది. దవడలు రెండూ రాళ్లలా ఉంటాయి. అయిదు దాకా మాట్లాడదు. చిన్నప్పుడు అమ్మ చెప్పేది, నాలుగింటికి నానమ్మకి కోపమొస్తుంది, అటు పోకు అని."

అప్పలనర్సమ్మ మనవరాలి వైపు తిరిగి చూసింది. అలా తనని ఇంట్లో అందరూ చూస్తున్నారని ఇన్నేళ్లూ తెలియదు.

డాక్టరు చేయాల్సిందంతా చెప్పింది. రెండు పూటలా వేడి గుడ్డ కాపడం. కొన్నాళ్లు మెత్తటి తిండి. ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి. వారం రోజులు నొప్పి మాత్రలు. కొలత తీసి ప్లాస్టిక్ తొడుగు చేయిస్తుంది, పడుకునేటప్పుడు పళ్లకి పెట్టుకోవాలి. నెమ్మదిగా తెరిచి మూసే కసరత్తు ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పుతుంది. చాలామందికి రెండు నెలల్లో వీటితోనే సర్దుకుంటుందట. సర్దుకోకపోతే కీలులోకి ఇంజెక్షన్లున్నాయి. ఆపరేషన్ మాట ఆఖరికి.

"వీటన్నిటికంటే ముఖ్యం ఒకటుంది. పెదాలు కలిసి ఉండాలి, పళ్లు కలవకూడదు. నాలుక కొస పై పళ్ల వెనక ఆనించండి. అన్నం తినేటప్పుడు తప్ప పై పన్నుకీ కింది పన్నుకీ పని లేదు. గుర్తొచ్చినప్పుడల్లా చూసుకోండి."

ఇంటికి వచ్చేసరికి నాలుగు కావస్తోంది. అప్పలనర్సమ్మ చెప్పులు విప్పి తిన్నగా ఇంటి వెనక మెట్టు మీదికే వెళ్లింది. మోప్కాలో యార్డు కనపడదు, గాలి అటునుంచి వీస్తే కూత వినపడుతుంది, అంతే. తనూజ చిన్నప్పటి భయం పక్కన పెట్టి వెళ్లి పక్కన కూర్చుంది.

"చెప్పినట్టు పెట్టు నానమ్మా. పెదాలు కలుపు, పళ్లు వదులు."

పెట్టింది. పెట్టగానే ఉలిక్కిపడింది. పెదాలు మూసి, పళ్లు ఎడంగా, మధ్యన ఒక వేలు పట్టేంత చోటు. ఆ చోటు దేనిదో నోటికి తెలుసు. ముప్ఫయ్యారేడేళ్లు పోలయ్య అందించినది ఉన్న చోటు. అది అలాగే ఉంది, ఖాళీగా.

మెల్లగా మాట్లాడింది.

"నాకు కోపమేటి కాదమ్మి. ఆ అయిదు నెల్లూ మీ తాత నాలుగయ్యీసరికి మెట్టు మీదికి తీసుకెళ్లమనీవోడు. నోరు పెగిలీది కాదు. సేత్తో నా నోరు సూపించీవోడు. నువ్వు కాల్సు, నాను వాసన సూస్తాను అని. నాను పళ్లు బిగబట్టి తల అడ్డంగా ఊపీదాన్ని. పోయిన రోజు కూడా అడిగినాడు. పోయినాకా మానలేదు. ఇక్కడ కూకుంటే రోజూ అడుగుతన్నట్టే ఉంటాది. రోజూ పళ్లు బిగబట్టి ఒద్దంటన్నాను. ఒక్కపాలి కాల్సీసుంటే ఏటి పోను?"

తనూజ దగ్గరికి జరిగింది. నానమ్మ చెయ్యి ఒళ్లోకి తీసుకుంది.

"నువ్వు ఒద్దన్నావు కాబట్టే ఇవాళ డాక్టర్ కళ్లు తెరవమంది."

అప్పలనర్సమ్మ ఆ మాట విని, దవడ మీద చెయ్యేసుకుని చూసుకుంది. పళ్లు కలవలేదు. ఇంత మాట్లాడినా కలవలేదు.

నాలుగింటికి మెట్టు మీద మాటలు వినపడేసరికి ఏదో అయిందనుకుని సౌభాగ్య తడి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఏం లేదు కోడలా, టీ ఎట్టు. మీ మావ ఈవేళ ఏటీ అడగలేదు" అంది అప్పలనర్సమ్మ.

సౌభాగ్యకి ఆ మాట అర్థం కాలేదు. అయినా లోపలికి వెళ్లి మూడు గ్లాసులు తీసింది.