మావయ్య చేతికి లొంగని తాళం

ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ కాలు ఒకచోట నిలవలేదు. చేతిపనివాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ముద్ర కోసం మా పని చూడడానికి ఆఫీసరు వస్తున్నారని ముందురోజు సాయంత్రం ఫోను వచ్చింది. అప్పటినుంచీ అత్తయ్య కూర్చోలేదు, ఎవరినీ కూర్చోనివ్వలేదు.

మాది తాళాల ఇల్లు. మూడు తరాలుగా ఇత్తడి, ఇనుము తప్ప ఇంకోటి ముట్టుకోని ఇల్లు. మిషను తాళాలు వచ్చి బజారు నిండాక మా తాళాల మొహం చూసేవాళ్ళు తగ్గారు. ఆ ముద్ర పడిందంటే మా కథే మారిపోతుంది. ప్రభుత్వ దుకాణంలో అద్దాల వెనక మా తాళాలు పెడతారు. ప్రదర్శనల్లో అద్దె లేకుండా చోటిస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి తాళం పక్కనా దాన్ని చేసినవాళ్ళ పేరు రాసిన చిన్న రేకు ఉంటుంది. నా కళ్ళన్నీ ఆ రేకు మీదే.

చిక్కేమిటంటే, ఒక పనిశాలకు ఒక్క పేరే ఇస్తారు. దరఖాస్తులో మావయ్య పేరు రాశారు.

అందులో అన్యాయమేమీ లేదు, ఒప్పుకుంటాను. కానీ ఈ మధ్య బల్ల దగ్గర కూర్చుని తాళాలు చేస్తున్నది నేను. మా ఆయనకు ఇనప రజను పడదు, పనిశాల గుమ్మం దాటితే తుమ్ములే తుమ్ములు. అందుకని ఆయన సరుకుల వ్యాను నడుపుకుంటున్నాడు. దర్జీ ఇంట పుట్టి సూది తప్ప ఇనుము ఎరగని నేను, ఈ ఇంటికొచ్చి ఆకురాయి పట్టాను. పట్టాక వదలబుద్ధి కాలేదు. "మావయ్యా, నా పేరు రాయకూడదా?" అని అడిగేశాను కూడా. నోరు మూసుకుని కూర్చునే రకం కాదు నేను.

"రాస్తానమ్మాయ్, ఎందుకు రాయను?" అన్నారాయన. "నా చేతికి లొంగని తాళం ఒక్కటి తీసుకురా. ఆ రోజే రాస్తాను."

మా ఇంటి పద్ధతి అది. ఎవరు తాళం చేసినా, చెవి లేకుండా దాన్ని తెరవడానికి ఇంటి పెద్ద ప్రయత్నిస్తాడు. పెద్ద చేతికి లొంగని తాళం చేసినవాడే పనివాడు. అంతదాకా ఎంత జుట్టు నెరిసినా నేర్చుకునేవాడే. మావయ్య వాళ్ళ నాన్న దగ్గర అలాగే నెగ్గారట. నా తాళాలన్నిటినీ మాత్రం టీ తాగుతూ తెరిచి పడేశారు. ఎడమచేత్తో గ్లాసు, కుడిచేత్తో కొన వంచిన తీగ. టీ చల్లారకముందే తాళం నోరు తెరిచేది. "బాగుంది కానీ ఇంకా చిన్నపిల్ల" అనేవారు. తాళాన్ని అంటున్నారో నన్ను అంటున్నారో తెలిసేది కాదు. ఒళ్ళు మండిపోయేది.

ఈసారి చేసింది వేరు. తాళం లోపల చెవి తగిలితే లేచే మీటలుంటాయి. నా కొత్త తాళంలో వాటిలో ఒకటి అబద్ధాలకోరు. తీగ తగలగానే లొంగిపోయినట్టు వాలుతుంది, వాలి మిగతావాటిని బిగించేస్తుంది. ఈ ఊహ నాకు అత్తయ్యను చూసే వచ్చింది. "సరే, నీ ఇష్టం" అని ఆవిడ అన్నారంటే ఇక అన్ని దారులూ మూసుకుపోయినట్టే కదా. ఆఫీసరు రాకముందే, పొద్దున్నే ఈ తాళాన్ని పరీక్షిస్తానన్నారు మావయ్య. కానీ అత్తయ్య ఆయన చేతిలో చీపురు పెట్టారు.

పనిశాలను ఎంత శుభ్రం చేశారంటే, నా సుత్తి ఎక్కడుందో నాకే దొరకలేదు. బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి, దాని మీద నా తాళం తాలూకు రెండు చెవులనూ నగల్లా సర్దారు. మేం రెండు చెవులే చేస్తాం, మూడోది చెయ్యం. కొన్నవాళ్ళు వచ్చేదాకా ఆ రెండూ తాళంతోపాటే ఉంటాయి. తాళాన్ని మాత్రం, ఆఫీసరు రాగానే కంటపడాలని, తెరిచి తలుపు గొళ్ళానికి తగిలించారు.

సందు మొదట్లో జీపు హారను మోగింది. నేనూ మావయ్యా పరుగెత్తాం. పక్కనున్న కొట్టంలో పనిచేసుకునే వడ్రంగి బాబాయ్ కూడా చేతిలో చిత్రికతోనే వచ్చేశాడు. అందరికంటే వెనక, ఇస్త్రీ మడత నలగకుండా నడుస్తూ అత్తయ్య వచ్చారు.

ఆఫీసరమ్మ నా ఈడుదే. ఎండలో తిరిగి తిరిగి మొహం కందిపోయినా నవ్వు మొహం. "తాళాలు చేసే ఇల్లు చూడడం నాకిదే మొదలు" అంటూ మాకంటే చురుగ్గా నడిచింది. గుమ్మం దగ్గరికి రాగానే అత్తయ్య చెయ్యి చాపారు. "ఇదిగో మేడమ్, మా కొత్త తాళం!"

తాళం మూసి ఉంది.

"అత్తయ్యా, దీన్ని ఎవరు నొక్కారు?"

"ఇంకెవరు, నేనే. తలుపు బార్లా తెరిచి అందరూ వచ్చేస్తే ఎలా?"

ఆవిడ తప్పేం కాదు. తాళాల ఇంట్లో ముసలైన చెయ్యి అది. తెరిచిన తాళం కనిపిస్తే నొక్కకుండా ఉండలేదు. నా తాళమా, నొక్కితే చెవి లేకుండానే పడిపోయే రకం.

"మరి చెవులు?" అన్నారు మావయ్య.

"బల్ల మీద. ఎర్రగుడ్డ మీద అందంగా..." అంటూనే అత్తయ్య నోటి మీద చెయ్యి వేసుకున్నారు.

కిటికీలోంచి చూశాం. రెండు చెవులూ మిలమిల మెరుస్తున్నాయి. కర్ర దూర్చి అందుకుందామంటే కిటికీకి ఇనప జాలీ. జాలీ కోద్దామంటే పనిముట్లన్నీ లోపలే. దొంగల భయానికి ఆ జాలీ బిగించింది మేమే.

"గునపం తేనా అన్నయ్యా?" అన్నాడు బాబాయ్.

"తాళాలవాడు తన తలుపు తానే పగలగొట్టుకుంటే, పడేది ముద్ర కాదు, మొహాన మసి" అని కసిరారు మావయ్య. జేబులోంచి కొన వంచిన తీగ తీశారు. ఆ తీగ లేకుండా ఆయన పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళరు. "రెండు నిమిషాలు కూర్చోండి మేడమ్. ఇది నా కోడలు చేసింది. ఇట్టే తెరుస్తాను."

ఆఫీసరమ్మ కూర్చోలేదు. "పెద్దాయనా, ఒక్క మాట. చెవి లేకుండా తెరుచుకునే తాళానికి నేను ముద్ర వెయ్యలేను. మీరు తెరిస్తే ఇది లెక్కలోంచి పోతుంది, లోపల మిగతావి చూస్తాను. తెరవలేకపోతే లోపలికి రాలేను, పని చూడకుండా ఏదీ ఇవ్వలేను. ఈ ఏటికి ఇవాళే ఆఖరు. అవతల ఇంకో ఊరికి వెళ్ళాలి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు. తాళం తెరుచుకుంటే ఇంటికి ముద్ర వస్తుంది, నేను మాత్రం చిన్నపిల్లగానే ఉండిపోతాను. తెరుచుకోకపోతే నేను పనిదాన్నవుతాను, ఇల్లు ముద్ర లేకుండా మిగిలిపోతుంది. తెరుచుకోవాలని ఒకసారి, వద్దని ఒకసారి మొక్కుకున్నాను. దేవుడు విసుక్కుని ఉంటాడు.

మావయ్య మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి తాళానికి తన చెవి ఆనించి విన్నారు. అలవాటుగా ఎడమచెయ్యి చాపితే అత్తయ్య టీ గ్లాసు అందించారు. తీగ లోపలికి వెళ్ళింది. కిర్రుమంది. ఆయన మీసాల కింద నవ్వు కదిలింది.

"ఆఁ, లొంగింది!"

గుంజారు. తాళం కదల్లేదు.

మళ్ళీ తీగ పెట్టారు. మళ్ళీ అబద్ధాలకోరు వాలింది, మళ్ళీ ఆయన నమ్మారు, మళ్ళీ గుంజారు. ఈసారి నావైపు తిరిగారు. "ఏం పెట్టావమ్మాయ్ లోపల?"

"చెప్పకూడదు కదా మావయ్యా. పద్ధతి."

"పద్ధతి నాకే నేర్పుతున్నావూ!" అని మళ్ళీ తాళం మీద పడ్డారు. ఇంతలో నా ఫోను మోగింది, మా ఆయన. "ముద్ర పడిందా?" అన్నాడు. "తలుపే పడింది, పెట్టెయ్" అన్నాను. సందులోకి జనం చేరారు. తెరుచుకుంటుందని కొందరు, తెరుచుకోదని కొందరు రెండు జట్లయ్యారు. ఆఫీసరమ్మ ఎప్పుడో పెద్దరికం వదిలేసి మావయ్య పక్కనే గొంతుక్కూర్చుంది. "పెద్దాయనా, ఎడమవైపు ఏదో టక్కుమంది" అని చెప్తోంది కూడా! జీపు డ్రైవరు హారను కొడితే చూడకుండానే ఆగమని చెయ్యి ఊపింది.

నేను మాత్రం మావయ్య చేతినే చూస్తున్నాను. ఆ చేతి వేగం నాకు తెలుసు. ఇప్పుడు అందులో తొందర లేదు. తాళాన్ని బెదిరించడం మానేసి బతిమాలుతున్నట్టు, మెల్లగా ఒక్కొక్క మీటనూ తడుముతున్నారు. నా తాళాన్ని ఆయన ఇంత మర్యాదగా ముట్టుకోవడం ఎప్పుడూ చూడలేదు.

టీ మీద మీగడ కట్టింది. డ్రైవరు రెండోసారి హారను కొట్టాడు. ఆఫీసరమ్మ లేచి, "ఇక నేను..." అని నొచ్చుకుంటూ ఆగిపోయింది.

మావయ్య తీగ బయటికి లాగారు. చెమట తుడుచుకుని నిలబడ్డారు.

"నా వల్ల కాదు" అన్నారు.

ఆ మాట ఆయన నోట అత్తయ్య కూడా విని ఉండరు. మరుక్షణం మావయ్య గోడ అదిరేలా నవ్వారు. "నా వల్ల కాదురోయ్! విన్నారా? మా నాన్న పోయాక నన్ను ఓడించిన తాళం ఇదే! నా కోడలు చేసింది!" అంటూ చేతిలో గ్లాసున్న సంగతి మరిచి రెండు చేతులూ ఎత్తారు. చల్లారిన టీ అంతా బాబాయ్ మీద పడింది. నేను ఏడ్చేశాను. సిగ్గుపడకుండా, అందరిముందూ, వెక్కి వెక్కి ఏడ్చాను. ఇల్లు ముద్ర పోగొట్టుకుంటోందని కూడా ఆ నిమిషంలో గుర్తు లేదు.

మావయ్యకు మాత్రం గుర్తుంది. "తమ్ముడూ, నువ్వు బిగించిన తలుపే కదా ఇది? బందుల సీలలు లాగెయ్" అన్నారు.

మా తలుపు సందులోకి తెరుచుకుంటుంది, బందులు బయటే ఉంటాయి. బాబాయ్ టీ దులుపుకుంటూ నోరు తెరిచాడు. "ఈ మాట గంట కిందటే అనొచ్చుగా అన్నయ్యా?"

"తాళం సంగతి తేలకుండా తలుపు జోలికి వెళ్తానా?" అన్నారు మావయ్య.

నాకు ఏడుపు ఆగిపోయింది. ఆయనకు దారి మొదటినుంచీ తెలుసు. ఇంటి ముద్ర చేజారుతున్నా, నా పరీక్ష పూర్తయ్యేదాకా ఆ దారి తొక్కలేదు.

బాబాయ్ కొట్టంలోంచి సుత్తీ ఉలీ తెచ్చి సీలలు ఎగదన్నాడు. బందులవైపు తలుపు ఊడి పక్కకు తిరిగింది. రెండోవైపు మాత్రం గొళ్ళాన్ని వదలకుండా నా తాళానికే వేలాడుతూ నిలబడింది. ఆఫీసరమ్మ రెండు చేతులతో తాళాన్ని పట్టుకుని తన బలమంతా పెట్టి గుంజి చూసింది. "తలుపు ఊడింది కానీ తాళం ఊడలేదు!" అంది ఉత్సాహంగా.

"ఊడలేదు మేడమ్, నేను ఊడదీశాను" అన్నాడు బాబాయ్. "వచ్చే ఏడు నేనూ దరఖాస్తు పెడుతున్నాను, కాస్త గుర్తుంచుకోండి."

ఊడిన తలుపు పక్క ఖాళీలోంచి లోపలికి దూరాం. నా సుత్తి చీపురు వెనక దొరికింది. ఆఫీసరమ్మ ముందే ఇత్తడి ముక్క బిగించి, రుద్ది, చెవి పళ్ళు తీశాను. నమూనాగా చేసి ఉంచుకున్న ఇంకో అబద్ధాల మీట చూపిస్తే ఆవిడ పగలబడి నవ్వి, "ఈ ఊహ ఎలా వచ్చింది?" అని అడిగింది. "ఇంట్లోనే వచ్చిందండీ" అన్నాను, అత్తయ్య వైపు చూడకుండా.

చివరికి కాగితాలు తీసింది. "ముద్ర ఖాయం. దరఖాస్తులో పెద్దాయన పేరుంది. అదే ఉంచనా?"

"కొట్టెయ్యండి" అన్నారు మావయ్య. "ఇక్కడ తాళాలు చేసేది మా కోడలు. ఆవిడ పేరు రాయండి. ఆవిడ చేసిన తాళం తెరవడం నాకు చేతకాలేదని కూడా రాయండి."

"దానికి ఇందులో చోటు లేదండీ."

"అంచున రాయండి మేడమ్. సంతకం నేను పెడతాను."

ఆవిడ నిజంగానే అంచున రాసింది. ఆయన నిజంగానే సంతకం పెట్టారు. జీపు సందు దాటేవరకూ మేం చేతులూపుతూనే ఉన్నాం. తర్వాత నేను ఎర్రగుడ్డ మీది చెవి తెచ్చి తాళం తెరిచాను. అత్తయ్య చెయ్యి దానివైపు వెళ్ళింది. "నొక్కకండి!" అని ముగ్గురం ఒక్కసారే అరిచాం. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, "సరే, మీ ఇష్టం" అన్నారు.

మావయ్య తన తీగను చొక్కా అంచుతో తుడిచారు. జేబులో పెట్టుకుంటారనుకున్నాను. నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు.

"ఇకమీదట ఇది నీ దగ్గరుండాలి" అన్నారు. ఎర్రగుడ్డ పక్కకు లాగి బల్ల ముందు కూర్చుని ఇత్తడి రేకు ఒకటి అందుకున్నారు. "రేపు నేనొక తాళం చేస్తున్నాను. టీ తాగుతూ తెరువు, చూద్దాం."