ఇత్తడి రంగు గడియ

చుట్టాల గది పక్కనున్న బాత్రూం రూపురేఖలు మార్చేస్తానని తెరల పెయింటరు ప్రకటించినప్పుడు అతని భార్య నవ్వలేదు, ఎంతవుతుందని మాత్రం అడిగింది. ఆవిడ లెక్కల టీచరు, ఎంత గొప్ప మాటైనా చివరికి అంకెలోకి దిగాల్సిందే. చేతిలో ఉన్నదెంతో అతడు చెప్పాడు. ఆ డబ్బుకి సబ్బులొస్తాయి గాని బాత్రూం రాదని ఆవిడ తేల్చేసింది. పిండి కొద్దీ రొట్టె అన్నారే గాని ఆ రొట్టె గుండ్రంగా ఉండకూడదని ఎవరూ అనలేదు కదా అని అతడు తన భుజం తానే తట్టుకున్నాడు.

అలాంటి ధీమా అతనికి వృత్తి నుంచి వచ్చింది. నాటకాలకు తెరలు, సెట్లు గీసే మనిషి. గోనెపట్టాని పాలరాయి చేస్తాడు, అట్టముక్కని సింహద్వారం చేస్తాడు, రెండు వెదురుబద్దలూ ఒక పాత దుప్పటీ ఇస్తే రాజ్యం నిలబెడతాడు. అలాంటివాడికి ఆరడుగుల బాత్రూం ఒక లెక్కా?

అసలు సంగతి బాత్రూం కాదు, అత్తగారు. ఆవిడ అదే ఊళ్లో ఆ చివర, రెండు బస్సులు మారేంత దూరంలో ఒంటరిగా ఉంటుంది. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. ఆవిడ గొంతు వింటే జ్వరం కూడా చెప్పిన టైముకే దిగేదని అక్కడి పాత డాక్టర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కూతురింటికి తరచుగా వస్తుంది. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కిటికీ మీద దుమ్ము దాకా అన్నిటికీ వంక పెడుతుంది, కడుపునిండా కబుర్లు చెబుతుంది, పొద్దు వాలేసరికి హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుంటుంది. కూతురు పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఒక్క రాత్రి పడుకోలేదు. కుండపోతగా వాన కురిసిన రోజు కూడా గొడుగు అడిగి పుచ్చుకుని వెళ్లిపోయింది.

కూతురు మొదట్లో బతిమాలింది, తర్వాత అలిగింది, ఆ తర్వాత అడగడమే మానేసింది. పెయింటరు మాత్రం పైకి నవ్వుతూనే లోపల ముల్లు గుచ్చుకున్నట్టు తిరుగుతున్నాడు. నాటకాలవాడి కొంప ఆవిడ కంటికి ఆనలేదని అతని నమ్మకం. దానికి అతని దగ్గర సాక్ష్యం కూడా ఉంది. కాపురం పెట్టిన కొత్తలో మొదటిసారి వచ్చిన అత్తగారు, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, ఆ బాత్రూం సంగతి కాస్త చూడు బాబూ అంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

చూడకేం, చాలాసార్లు చూశాడు. మాగిన అరటితొక్క రంగు టైల్స్, వాటి మీద ఏ తోటలోనూ పూయని పువ్వులు, సగం మొహమే చూపించే అద్దం. డబ్బుల్లేక అప్పట్లో వదిలేశాడు. పడకగదిలో ఇంకో బాత్రూం ఉంది కాబట్టి మొగుడూ పెళ్లాలకు దీనితో పనిపడలేదు, నెమ్మదిగా ఇది రంగు డబ్బాల గోదాం అయిపోయింది. అతడు బ్రష్షులు కడగడానికి వెళ్తాడు గాని అప్పుడు తలుపు బార్లా తీసే ఉంటుంది. రెండు చేతుల్లో రెండు డబ్బాలున్నవాడు తలుపు వేసుకోడు కదా.

ఇప్పుడు అవసరం మీద పడింది. భార్యకు కంటి ఆపరేషన్ ఖాయమైంది. కొన్నాళ్లపాటు వంగకూడదు, బరువెత్తకూడదు, రాత్రుళ్లు కూడా లేచి కట్టు పక్కకి తీసి చుక్కలు వేయించుకోవాలి. పెయింటరుకేమో కొత్త నాటకం నడుస్తోంది, అతడు ఇల్లు చేరేసరికి వీధిలో కుక్కలు కూడా నిద్రపోతాయి. పగలంతా తాను వచ్చి చూసుకుంటానని అత్తగారు అప్పుడే చెప్పేసింది. రాత్రి మాటెత్తితే గొంతు సవరించుకుని బస్సుల టైములు మాట్లాడింది.

"పగలు ఎవరూ లేకపోయినా పర్లేదండీ," అంది భార్య, ఆ రోజు గిన్నెలు సర్దుతూ. "రాత్రిపూట కంటికి కట్టుతో ఒక్కదాన్నే ఉండాలంటేనే భయంగా ఉంది. అమ్మ పక్కనుంటే నాకేం కాదనిపిస్తుంది. కానీ నేను అడగను. అడిగి అడిగి నోరు నొప్పెట్టింది."

"నువ్వడగొద్దు. బాత్రూమే అడుగుతుంది, చూడు," అన్నాడతను.

మర్నాడే గరుకు కాగితం పట్టుకుని గోడల మీద పడ్డాడు. స్టేజీ రంగులకు నీళ్లు తగిలితే ఎంత కోటైనా కాలవలో కలిసిపోతుందని అతనికి తెలియంది కాదు, అందుకే టైల్స్‌కి వేసే ప్రైమరూ పెయింటూ విడిగా కొన్నాడు. ఉన్న డబ్బులో సింహభాగం వాటికే పోయింది. మిగిలిన దాంతో ప్లంబర్ని పిలిచి ఫ్లష్ బాగు చేయించాడు, కుళాయిలకు కొత్త వాషర్లు వేయించాడు. ఇక పైసా లేదు, ఇక అంతా తన చేతి నేర్పే.

అరటితొక్క గోడలు పాలరాయి గోడలయ్యాయి. తెలుపు మీద సన్నటి బూడిదరంగు చారలు ఎంత సహజంగా పడ్డాయంటే, భార్య చల్లగా ఉందేమోనని చెయ్యి పెట్టి చూసి, తనను తాను తిట్టుకుంది. ఎప్పుడో ఆడి ఆగిపోయిన నాటకంలోని రాణిగారి అద్దం ఫ్రేము వాష్‌బేసిన్ పైకి ఎక్కింది, సింహాసనం మెట్టు ఒకటి సబ్బులు పెట్టుకునే బల్లగా మారింది. భార్యకూ ఉత్సాహం పుట్టింది. కొంగు దోపుకుని, పాత టూత్‌బ్రష్‌తో నేల సందులన్నీ తోమి వైట్ సిమెంటు నింపింది. బడిలో పిల్లల్ని కూడా ఇంత శ్రద్ధగా తోమలేదని అతడు ఆట పట్టించాడు. వాళ్లు ఇంత మురికిగా ఉండరులెండి అని ఆవిడ బదులిచ్చింది.

చివరికి తలుపు దగ్గరికొచ్చాడు. దానికి మూడు పూతలు దట్టంగా వేసి, లోపలి వైపు తన పనితనమంతా ధారపోశాడు. తెరిచిన కిటికీ, దాని అవతల సముద్రం, దూరంగా ఒక తెరచాప. స్నానం చేసేవాళ్లకు గాలి తగిలినట్టు ఉండాలని అతని ఊహ. ఆ తలుపుకి పాత ఇనప గడియ ఒకటుంది, తుప్పు పట్టి ఓ పక్కకి ఒరిగిపోయింది. దాన్ని మార్చమని భార్య చెప్పింది. డబ్బులేవీ అన్నాడతను. అయినా స్టేజీ మీద ఏ గడియా పనిచెయ్యదు, హాలంతా నమ్మదూ? సన్నటి బ్రష్షు తీసి ఆ గడియకు ఇత్తడి రంగు వేశాడు, వెలుతురు పడ్డట్టుగా మధ్యలో తెల్లటి చుక్క కూడా పెట్టాడు. దూరం నుంచి చూస్తే అచ్చం ఇత్తడే. పైన పటారం లోన లొటారం అని భార్య గొణిగింది గాని, నిజం చెప్పాలంటే ఆవిడకూ అది ముచ్చటగానే ఉంది.

ఆపరేషన్‌కి ముందు రోజు మధ్యాహ్నం అత్తగారు వచ్చింది. పెయింటరు ముందు ఆవిడ చేతులకేసి చూశాడు. ఎప్పటి హ్యాండ్‌బ్యాగు తప్ప బట్టల సంచీ లేదు. ఫర్వాలేదు, ఇంకా చూడలేదు కదా అనుకున్నాడు.

కాఫీ కూడా తాగనివ్వకుండా ఆవిణ్ణి బాత్రూం దగ్గరికి తీసుకెళ్లి, తెర లేపే మనిషిలా తలుపు తోశాడు. ఆవిడ గుమ్మం ఇవతలే నిలబడి గోడలూ అద్దం నేలా అన్నీ నిదానంగా చూసింది. బాగుందంది. ఆ నోటి నుంచి ఆ మాట రావడమంటే సన్మానం జరిగినట్టే. కానీ లోపలికి అడుగు పెట్టలేదు. లోపలికెళ్లి గడియ వేసుకుని చూడండత్తయ్యా, అసలు పని తలుపు వెనకుంది అని అతడు బతిమాలాడు. ఇక్కడి నుంచే కనిపిస్తోందిలే అని ఆవిడ ద్వారబంధం పట్టుకుని అక్కడే ఉండిపోయింది.

ఇంకొకడైతే ఊరుకునేవాడు. పెయింటరు ఊరుకుంటే పెయింటరే కాదు. "నేను వేసి చూపిస్తా, ఎంత సాఫీగా పడుతుందో వినండి," అని లోపలికెళ్లి తలుపేసి గడియ నెట్టాడు. మూడు పూతల రంగుతో అది సాఫీగా ఏమీ పడలేదు, బలవంతాన దూరింది. దూరిన తర్వాత మరి రాలేదు.

ముందు అతడే నవ్వాడు. ఈ సెట్టు మరీ సహజంగా కుదిరిందే అని లోపల్నుంచి జోకు కూడా వేశాడు. బయట భార్య పడీ పడీ నవ్వింది. కాసేపటికి ఆ నవ్వులు రెండూ ఆగిపోయాయి. అతడు లాగాడు, గుంజాడు, భుజంతో గుద్దాడు. ఇంకా పచ్చి ఆరని ఇత్తడి రంగు అరచేతికంతా అంటుకుని గడియ జారిపోతోంది. తానే గీసిన సముద్రం ఎదురుగా నిలబడి, గాలాడక చెమటలు కక్కాడు. కుడితిలో పడ్డ ఎలుక సంగతి అతనికి మొదటిసారి అర్థమైంది. భార్య వడ్రంగికి ఫోన్ చేస్తే, పొద్దుపోయాక గాని రాలేనన్నాడు.

అప్పుడు తలుపుకి బాగా దగ్గరగా అత్తగారి గొంతు వినిపించింది. వార్డులో పలికే గొంతు.

"బాబూ, లాగడం ఆపు. ఊపిరి పీల్చుకో. తలుపు కింద సందుంది చూడు, ఎడమకాలి బొటనవేలు అందులో పెట్టి తలుపుని పైకెత్తు. చేత్తో ఎత్తితే రాదు, కాలితోనే ఎత్తాలి. ఎత్తి పట్టుకుని, గడియని ముందు కిందికి నొక్కి, అప్పుడు లాగు."

అతడు ఎత్తాడు, నొక్కాడు, లాగాడు. టక్కుమని గడియ వచ్చేసింది. జుట్టు చెదిరి, చేతులు బంగారంలా మెరుస్తూ బయటికొచ్చి నిలబడ్డాడు. అతణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు. కూతురు తల్లి మొహంకేసే చూస్తోంది.

"అమ్మా, నీకెలా తెలుసు?"

అత్తగారు హ్యాండ్‌బ్యాగు పట్టీ సర్దుకుంది, కళ్లజోడు తీసి తుడుచుకుంది, తుడవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"మొదటిసారి వచ్చిన రోజు," అంది. "హాల్లో మీ నాటకం వాళ్లంతా రిహార్సల్ చేస్తున్నారు. ఇందులోకొచ్చి గడియ వేసుకున్నాను. రాలేదు. పిలిచాను, అరిచాను. నేను లోపల అరుస్తుంటే అక్కడ చప్పట్లు కొట్టారు. నాకు కాదులే, రాజుగారికి. ఎంతసేపున్నానో తెలీదు. ఏడ్చాను కూడా. ఆఖరికి ఎలాగో కాలు పెట్టి ఎత్తితే వచ్చింది. మొహం కడుక్కుని వస్తే, కాఫీ తాగుతారా అత్తయ్యా అని అడిగావు నువ్వు."

"ఒక్క మాట చెప్పకూడదా అమ్మా? గోటితో పోయేదాన్ని ఇన్నేళ్లు..." కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఏమని చెప్పనే? వార్డు మొత్తానికి ధైర్యం చెప్పినదాన్ని, బాత్రూంలో ఇరుక్కుని ఏడ్చానని అల్లుడికి చెప్పుకోనా? పగలైతే నీ గదిలోది వాడుకోవచ్చు. అర్ధరాత్రి మొగుడూ పెళ్లాల మంచం పక్కనుంచి నడిచి వెళ్లనా? అందుకే చీకటి పడకుండా వెళ్లిపోయేదాన్ని. నీ మొహం చిన్నబోవడం చూస్తూనే వెళ్లేదాన్ని."

పెయింటరు ఇన్నాళ్లూ మోసిన ముల్లు ఒక్కసారిగా ఊడి వచ్చింది, వచ్చేటప్పుడు కాస్త నొప్పి పెట్టింది కూడా.

"మా ఇల్లు మీకు ఆనలేదనుకున్నానత్తయ్యా," అన్నాడు. "నా నాటకాలు, నా సంపాదన..."

"ఆనకపోతే మొహం మీదే చెప్పేదాన్ని. నేనెప్పుడైనా మాట దాచానా?" అని ఆవిడ ఆగింది. "ఒక్కటే దాచాను."

అతడు వెళ్లి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. ముందు ఇత్తడి రంగు గడియ ఊడదీసి చెత్తబుట్టలో పడేశాడు. తర్వాత తలుపు వైపు ఓసారి చూసి, దాని బందుల స్క్రూలు కూడా విప్పడం మొదలుపెట్టాడు. భార్య ఓ పక్క పట్టుకుంటానంటే, రేపు ఆపరేషన్ పెట్టుకుని బరువులేమిటని కసిరాడు. ఎంతో ఇష్టంగా గీసిన సముద్రాన్ని తెరచాపతో సహా భుజానికెత్తుకుని తీసుకెళ్లి హాల్లో గోడకి ఆనించాడు. థియేటర్ వాళ్లు పారేస్తుంటే తెచ్చుకున్న పాత మఖ్మల్ తెరని చుట్టాల గది అటక మీద నుంచి దించాడు. ముదురు ఎరుపు, బరువైన మడతలు, నేలదాకా జారేంత పొడవు. దుమ్ము దులిపి, గుమ్మానికి అడ్డంగా కడ్డీ బిగించి, రింగులు ఎక్కించాడు. అన్నీ ఇంట్లోవే, కొన్నది ఏమీ లేదు.

"ఇది ఇరుక్కోదత్తయ్యా. చెయ్యి తగిలితే చాలు, తొలగుతుంది."

ఆవిడ తెరని చేత్తో అటు లాగింది, ఇటు లాగింది. రింగులు గలగలా జరిగాయి. మళ్లీ లాగి చూసింది. తర్వాత హ్యాండ్‌బ్యాగు భుజం మీద నుంచి దించి కూతురి చేతికిచ్చి, గుమ్మం దాటి లోపలికెళ్లింది. వెనక తెర మూసుకుంది.

బయట మొగుడూ పెళ్లాం తెరకేసి చూస్తూ నిలబడ్డారు. లోపల కుళాయి తిప్పిన శబ్దం, నీళ్లు పడుతున్న శబ్దం వినిపించింది. నీళ్లు ఆగాయి. గోడ మీద వేలితో తట్టి చూస్తున్నట్టుంది, నిజం పాలరాయో కాదోనని.

"ఏమే," అని తెర వెనక నుంచి పిలిచింది అత్తగారు. "నీ నైటీ ఒకటి తీసిపెట్టు. నేను బట్టలు తెచ్చుకోలేదు."

కూతురు బ్యాగుని గుండెలకు హత్తుకుని అక్కడే ఉండిపోయింది. విన్నది నమ్మలేక, మళ్లీ వినాలనే అడిగింది.

"ఎందుకమ్మా?"

"ఎందుకేమిటే? రాత్రికి."